రోమియో–జూలియెట్ కథాపరిణామము: దైవమా? పురుషకారమా?

యువప్రేమికుల కథ మరణముతో ముగిసినప్పుడు పాఠకుని నోట సాధారణముగా వెలువడు మాట ‘విధి’ యనునది. వారి నొసట నట్లు వ్రాసియున్నదని నిట్టూర్చి గ్రంథమును మూయుట సులభము. కాని ఆ నిట్టూర్పు తరువాత నొక ప్రశ్న మిగిలియే యుండును. ఆ వ్రాత వ్రాసినవారెవరు? బ్రహ్మయా, గ్రహములా, లేక ఆ ప్రేమికుల చుట్టును నున్న మనుష్యులా? ఈ ప్రశ్నను పరిశీలించుటకు రోమియో జూలియెట్ల కథ మిక్కిలి తగినదని మా యభిప్రాయము. ఏలయన ఇది ఒక్క కవి కల్పించిన కథ కాదు. 1476 మొదలు 1597 వరకు, నూట యిరువది సంవత్సరములకు పైగా, ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములందు ప్రధానముగా ఆరుగురు రచయితల చేతులు మారి, తుదకు షేక్స్పియరు నాటకముగా నిలిచిన కథ. ఒకే వృత్తాంతమును పలువురు చెప్పినప్పుడు ఎవరు దేనిని మార్చిరో, ఎల్లరును దేనిని మార్పక నిలిపిరో పోల్చి చూచుటకు వీలు కలుగును. ఈ వ్యాసమున మేము అనుసరింపదలచిన మార్గ మదియే.

ముందుగా రెండు పదములను స్థిరపరచుకొందము. మన సంప్రదాయమున ఈ వివాదమునకు దైవము, పురుషకారము అను పేర్లున్నవి. మహాభారతమున ఆనుశాసనిక పర్వమందు దైవమును బీజముతోను, పురుషకారమును క్షేత్రముతోను పోల్చుట కలదు. విత్తనము లేక పంట లేదు. దున్నిన పొలము లేక విత్తనము నిష్ఫలము. ఈ యుపమానమున నున్న వివేకము మన పరిశీలనమునకు తుదివరకు తోడ్పడును. ప్రేమికుల మరణమున బీజమేది, క్షేత్రమేది, ఆ క్షేత్రమును దున్నినవారెవరు అనునదియే ప్రశ్న.

ఈ కథకు దూరపు పూర్వరూపము రోమను కవి ఓవిడ్ రచించిన ‘మెటమార్ఫొసిస్’ కావ్యమున నాలుగవ భాగమందలి పిరమస్, థిస్బీల వృత్తాంతము. బాబిలోను నగరమున ప్రక్కప్రక్క యిండ్లవారైన ఆ ఇరువురి వివాహమును తండ్రులు నిషేధింతురు. రాత్రివేళ రహస్యముగా కలిసికొన నిశ్చయించిన చోటికి ఆడుసింహ మొకటి వచ్చును. రక్తపు మరకలున్న మేలిముసుగును చూచి పిరమస్ ప్రియురాలు మరణించినదని భ్రమపడి ప్రాణములు విడుచును. థిస్బీ అతని ననుసరించును. ఇందు సింహము రాక దైవఘటన. కాని ఆ కన్యను రాత్రివేళ ఊరి వెలుపలికి పంపినది తండ్రుల నిషేధము.

రోమియో కథకు ఆసన్నమైన మొదటి రూపము 1476లో ముద్రితమైన మసూచ్చియో సలెర్నితానో కథాసంపుటమున ముప్పదిమూడవ కథగా కనబడుచున్నది. స్థలము సియెనా నగరము. నాయకుడు మరియొత్తో, నాయిక జనొజ్జా. ఇందు కుటుంబముల పగ లేదు. ఒక సన్న్యాసి ధనము గైకొని వారికి రహస్యవివాహము చేయించును. నాయకుడు కలహమున నొక పౌరుని చంపి, బహిష్కృతుడై అలెగ్జాండ్రియా చేరును. తండ్రి కుమార్తెకు వేరొక సంబంధమును నిశ్చయించును. ఆమె మృత్యువును పోలిన నిద్ర కలిగించు ఔషధమును త్రాగి, నిజవృత్తాంతమును తెలుపుచు భర్తకు దూతను పంపును. ఆ దూత సముద్రపు దొంగలకు చిక్కును. ఆమె మరణించినదను అసత్యవార్త మాత్రము నాయకుని సోదరుని ద్వారా నిరాటంకముగా చేరును. మరియొత్తో మారువేషమున తిరిగి వచ్చి, సమాధిని తెరచుచు పట్టుబడి, శిరచ్ఛేదము పొందును. అతనికొరకు అలెగ్జాండ్రియా వరకు పోయి తిరిగి వచ్చిన జనొజ్జా దుఃఖముచే మరణించును.

1530 ప్రాంతమున వెలువడిన లుయీజీ ద పోర్టో రచనయందు కథ వెరోనా నగరమునకు మారినది. కాలము బార్తొలొమియో దెల్లా స్కాలా పరిపాలనము, అనగా 1301–1304 నడుమ. రోమియో, జూలియెట్టా అను నామములును, మొంతెక్కి, కప్పెల్లెత్తి కుటుంబముల వైరమును ఇచ్చటనే ప్రవేశించినవి. ఈ వంశనామములు దాంతే మహాకవి ‘పుర్గతోరియో’ ఆరవ సర్గమున ఇటలీ దేశపు అంతఃకలహముల ప్రసక్తిలో జంటగా పేర్కొన్నవి. అయితే వీరిద్దరును ఒకే నగరమున పరస్పరశత్రువులని దాంతే చెప్పలేదు. మొంతెక్కి వెరోనాకు చెందినవారు. కప్పెల్లెత్తి క్రెమొనాకు చెందిన రాజకీయపక్షము. ఇట్లు చరిత్రయందలి పక్షకలహము కథయందు గృహకలహమైనది. పిమ్మట గిరొలామో దెల్లా కోర్తె తన వెరోనా చరిత్రమున ఈ కథ 1303లో నిజముగా జరిగినట్లు వ్రాసెను. కల్పన చరిత్రగా మారుటకు ఇదియొక నిదర్శనము.

బాండెల్లో 1554లో ఈ కథను విస్తరించెను. బొయేతువో 1559లో దానిని ఫ్రెంచి భాషలోనికి తెచ్చుచు ముగింపును మార్చెను. ఇటాలియను రచనలందు రోమియో ప్రాణము పోకమునుపే జూలియెట్ మేల్కొనును. ఇరువురును కొంతసేపు సంభాషింతురు. బొయేతువో ఆ సంభాషణమును తొలగించి, ఆమె మేల్కొనునప్పటికే అతడు మృతుడైనట్లు చేసెను. ఈ ఫ్రెంచి రచనను ఆర్థర్ బ్రూక్ 1562లో ఆంగ్లపద్యకావ్యముగాను, విలియం పెయింటర్ 1567లో వచనముగాను వెలయించిరి. షేక్స్పియరునకు ముఖ్యాధారము బ్రూక్ కావ్యము.

ఇప్పుడు ఈ రచనలన్నిటియందును ఒక్క విషయమును వరుసగా పరిశీలింతము. సత్యమును తెలుపవలసిన సందేశ మేల చేరలేదు? మసూచ్చియో కథలో సముద్రపు దొంగలు కారణము. ద పోర్టో కథలో లేఖ తెచ్చిన సన్న్యాసి పలుమారు పోయినను రోమియో ఇంట లేకపోవుట కారణము. బాండెల్లో మొదలుకొని మహామారి కారణము. దూత మాంటువాలోని మఠమున నిర్బంధింపబడును. షేక్స్పియరు నాటకమున దూత వెరోనా నగరమునే దాటలేడు. అతడున్న యింటిని మహామారి భయముచే అధికారులు మూసివేయుదురు. దొంగలు, దారి తప్పిన కలయిక, రోగము – ఇట్లు దైవఘటన ప్రతి రచయిత చేతను రూపు మార్చుకొనుచున్నది. ఒకదాని స్థానమున వేరొకటి చేరినను కథకు లోపము రాలేదు.

కాని అదే కథలో మారని యంశములను చూడుడు. రహస్యవివాహము, కలహమున జరిగిన హత్య, బహిష్కారము, కుమార్తె సమ్మతి నపేక్షింపని తండ్రి నిశ్చయము, నిజము చెప్పలేక త్రాగిన ఔషధము – ఇవి 1476 నాటినుండి ఒక్కటియు తొలగలేదు. ఇవి యన్నియు మానవకృత్యములు. కుటుంబవైరము మసూచ్చియోలో లేకున్నను, తరువాత వచ్చి చేరి ఈ కృత్యములకు హేతువై స్థిరపడినది. దీనినిబట్టి మేము చేరిన సిద్ధాంత మిది: ఈ కథయందు దైవఘటన మార్పదగినది, మానుషకృత్యము మార్పరానిది. లేఖ చేరకుండుటకు కారణము ఏదైనను కావచ్చును. ఇరువురి ప్రాణములు ఒక్క లేఖపై నాధారపడు స్థితిని కల్పించినవారు మాత్రము మనుష్యులే.

ఆ స్థితి యెట్లు ఏర్పడెనో తెలియుటకు నాటి వివాహధర్మమును కొంత చూడవలసియున్నది. పాశ్చాత్య క్రైస్తవశాసనము ప్రకారము పండ్రెండవ శతాబ్దినుండి వధూవరుల పరస్పరసమ్మతియే వివాహమునకు ప్రాణము. తల్లిదండ్రుల యంగీకారము లేకున్నను, సాక్షులు లేకున్నను, ఆ వివాహము దోషయుక్తమే గాని చెల్లనిది కాదు. మన ధర్మశాస్త్రములు చెప్పిన గాంధర్వవిధికి ఇది సన్నిహితము. ఈ స్వాతంత్ర్యముపై పదునారవ శతాబ్దమున పెద్దల పక్షమునుండి గట్టి వ్యతిరేకత లేచినది. ఫ్రాన్సు రాజగు రెండవ హెన్రీ 1556లో ఒక శాసనము చేసి, ముప్పది యేండ్లు నిండని కుమారులును, ఇరువదియైదేండ్లు నిండని కుమార్తెలును తల్లిదండ్రుల సమ్మతి లేక వివాహమాడినచో వారిని వారసత్వమునుండి తొలగించు నధికారము నిచ్చెను. బొయేతువో గ్రంథము వెలువడినది దీనికి మూడేండ్ల తరువాత. 1563లో ట్రెంటు మహాసభ పురోహితుడును సాక్షులును లేని వివాహము చెల్లదని నిర్ణయించినది. ఇంగ్లండులో మాత్రము సమ్మతివివాహము 1753 నాటి వివాహశాసనము వరకు చెల్లుచునే వచ్చినది. కావున షేక్స్పియరు ప్రేక్షకులకు రోమియో జూలియెట్ల వివాహము ఒక కవికల్పితము కాదు. తమ వీథిలో, తమ యింట జరుగదగిన వ్యవహారము. అది శాసనము దృష్టిలో నిజమైన వివాహము. గృహము దృష్టిలో నోరెత్తి చెప్పరాని నేరము. చెప్పినచో పగ, చెప్పకున్నచో రెండవ వివాహమను పాపము. ఈ రెంటి నడుమ చిక్కిన బాలిక యెదుట మిగిలినది ఔషధపాత్ర యొక్కటియే.

బాలిక యను మాటను మేము అనాలోచితముగా వాడలేదు. పెయింటర్ రచనలో జూలియెట్ వయస్సు 18 సంవత్సరములు. బ్రూక్ కావ్యములో 16. షేక్స్పియరు ఆమెకు పదునాలుగు నిండలేదని చెప్పించెను. ఆనాటి ఇంగ్లండులో శాసనము కన్యకు 12 ఏండ్లకే వివాహము ననుమతించినను, సామాన్యకుటుంబముల స్త్రీలు సగటున ఇరువదియైదేండ్ల ప్రాంతమున వివాహమాడుచుండిరని జనాభాచరిత్రకారులు నిరూపించినారు. కావున ఆ నాటకమును చూచినవారికిని ఆమె వయస్సు మిక్కిలి తక్కువగానే తోచియుండవలెను. వయస్సును తగ్గించుటవలన ఆమెపై మోపదగిన బాధ్యత తగ్గి, పెద్దలపై బాధ్యత పెరిగినది.

షేక్స్పియరు చేసిన రెండవ ముఖ్యమైన మార్పు కాలసంక్షేపము. బ్రూక్ కావ్యమున కొన్ని మాసములు నడచిన కథ నాటకమున ఆదివారము ఉదయమున మొదలై గురువారము వేకువకు ముగియును. ఈ తొందరను విధి వేగమని కొందరు వ్యాఖ్యానించిరి. కాని ప్రతి తొందర వెనుకను ఒక మనుష్యుడున్నాడు. కాపులెట్ తన కుమార్తె వివాహమును గురువారమునకు నిశ్చయించి, ఆమె లొంగినట్లు నటింపగానే సంతోషము పట్టలేక బుధవారమునకే మార్చును. సన్న్యాసి లారెన్సు బుధవారము రాత్రి త్రాగుమన్న ఔషధమును ఆమె మంగళవారము రాత్రియే త్రాగవలసివచ్చినది. సుమారు 40 కిలోమీటర్ల దూరమందున్న మాంటువాకు లేఖ చేరుటకు ఉండవలసిన గడువులో ఒక దినము ఇట్లు తరిగిపోయినది. ఆ దినమును హరించినది ఏ గ్రహమును గాదు.

లేఖావృత్తాంతమునే ఇంకను లోతుగా చూతము. రోమియోను బహిష్కారమునకు పంపునప్పుడు లారెన్సు, అతని సేవకుని ద్వారానే వార్తలు పంపెదనని మాట యిచ్చియున్నాడు. కాని ఈ ప్రాణసమానమైన లేఖను ఆ సేవకునికి తెలుపక జాన్ అను తోడిసన్న్యాసికి ఇచ్చెను. జాన్ తన సంప్రదాయము ననుసరించి వెంట పోవుటకు వేరొక సన్న్యాసిని వెదకుచు రోగులున్న యింటికి పోయి నిర్బంధింపబడెను. ఇంతలో ఏమియు నెరుగని సేవకుడు బల్తజారు జూలియెట్ అంత్యక్రియలను చూచి, తానే మాంటువాకు పరుగెత్తి మరణవార్తను చెప్పెను. సన్న్యాసివద్దనుండి లేఖ లేదా యని రోమియో అతనిని మరల మరల అడుగుట నాటకమున గమనింపదగిన ఘట్టము. లేఖ తేవలసిన మనుష్యుడు లేఖ లేకయే ఎదుట నిలిచియున్నాడు. దారి మూసికొనిపోలేదు, ఆ దారిని వాడుకొనవలసినవాడు వాడుకొనలేదు. మహామారి దైవికమే కావచ్చును. 1592–94 నడుమ లండనులో ఆ రోగముచే నాటకశాలలు చాలకాలము మూతపడినవి. రోగులున్న యిండ్లను మూయుట ప్రేక్షకులకు ప్రత్యక్షానుభవము. కాని ఒక్క లేఖను ఒక్క దూతకు ఇచ్చి యూరకుండుట మనుష్యుని యేమరుపాటు.

విధివాదమునకు అనుకూలమైన సాక్ష్యములు లేవని మేము చెప్పుటలేదు. కాపులెట్ సేవకుడు చదువు రానివాడగుటవలననే విందుకు పిలువవలసినవారి పట్టికను రోమియో చేతికిచ్చి చదివించుకొనును. కలహమును వారింపబోయిన రోమియో చేయి అడ్డమగుటచేతనే అతని మిత్రుడు మెర్క్యూషియో పొడువబడును. జూలియెట్ మేల్కొనుటకును రోమియో విషము త్రాగుటకును నడుమ నున్నది స్వల్పకాలము. నాటకప్రస్తావనమున నక్షత్రములు ప్రేమికులకు ప్రతికూలములని స్పష్టముగా చెప్పబడినది. అయితే ఆ ప్రస్తావనమున మొదట చెప్పబడినది రెండు కుటుంబముల పగ. నక్షత్రముల మాట దాని తరువాతిది. మరియొక చిత్రమైన విషయము: 1597, 1599 ముద్రణములందున్న ఆ ప్రస్తావనము 1623 నాటి సంపూర్ణ నాటకసంపుటమున ముద్రింపబడలేదు. ఆ సంపుటమును చదివినవారు నక్షత్రముల తీర్పు లేకయే కథలోనికి ప్రవేశించిరి. కథ వారికి అర్థము కాకపోలేదు.

విధిని గూర్చి నాటకమున ఎవరు, ఎప్పుడు మాటాడుచున్నారో చూచినచో విషయము మరింత తేటపడును. రోమియో తాను అదృష్టదేవత చేతి కీలుబొమ్మనని వాపోవునది టైబాల్టును చంపిన మరుక్షణమున. నక్షత్రములను ధిక్కరించెదనని ప్రతిజ్ఞ చేయునది, అసత్యవార్తను విచారింపక విషమునకై బయలుదేరునప్పుడు. అతని ధిక్కారమే అతనిని సమాధికి చేర్చినది. లారెన్సు సమాధిలో జూలియెట్‌తో మనకు మించిన శక్తి యొకటి మన యుపాయమును చెరచినదని చెప్పును. చెప్పి, కావలివారి చప్పుడు విని భయపడి, మేల్కొన్న బాలికను భర్తృశవమువద్ద ఒంటరిగా విడిచి పారిపోవును. అతడు నిలిచియుండినచో ఆమె బ్రదుకునేమో! విధి యను మాట ఇచ్చట తత్త్వము కాదు. కాళ్లు తడబడినవాని యూతకర్ర. అదే లారెన్సు, కొంతసేపటికి రాజు నెదుట నిలిచి, తన తప్పున్నచో శాసనప్రకారము శిక్షింపుడని తల వంచును. అప్పుడు మాత్రమే అతని మాటకు గౌరవము కలిగినది.

విమర్శకులు ఈ విషయమున భిన్నమార్గములను త్రొక్కిరి. చార్ల్టన్ 1948లో ప్రకటించిన గ్రంథమున ఈ నాటకమును ఒక ప్రయోగముగా భావించి, విధియు వైరమును విషాదభారమును మోయుటకు చాలవను దృష్టిని చూపెను. డిక్కీ 1957లో ప్రేమికుల మితిమీరిన రాగమునకు ప్రాధాన్య మిచ్చెను. వీరిలో రెండవవారి మార్గమునకు బ్రూక్ పీఠికయే పూర్వరూపము. బ్రూక్ తన పీఠికలో, పెద్దల హితవును లెక్కింపక మోహమునకు లోబడినవారికి ఇది గుణపాఠమని ప్రేమికులను గట్టిగా నిందించెను. కాని కావ్యములోనికి పోయిన పిమ్మట ఆ నిందను మరచి, వారిపై జాలిపడి, పదేపదే అదృష్టదేవతను దూషించెను. పీఠికలో పిల్లలది తప్పు. కావ్యములో విధిది తప్పు. ఈ రెండు తీర్పులకును సామాన్యధర్మ మొకటి కలదు: రెంటియందును పెద్దలు తప్పించుకొనుచున్నారు. రోమియో తొందర దోషమే. దానిని మేము కాదనము. కాని ఆ నగరమున నిదానముగా ప్రవర్తించిన పెద్ద యెవ్వరు? తొందరపాటు ఆ పిల్లలు పెద్దలనుండి నేర్చిన విద్య.

దైవమును కవి యేమి ప్రయోజనమునకు వాడుకొనునో తెలియుటకు మన సాహిత్యమున నొక సన్నిహితోదాహరణము కలదు. భారతమందలి శకుంతలోపాఖ్యానమున శాపము లేదు. నన్నయ ఆదిపర్వమునను దుష్యంతుడు లోకాపవాదమునకు వెరచి, ఎరిగి యెరిగియే శకుంతలను కాదనును. కాళిదాసు దుర్వాసశాపమును, అంగుళీయకమును కల్పించి ఆ దోషమును రాజునుండి తొలగించెను. పదునైదవ శతాబ్దివాడైన పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తన శృంగారశాకుంతలమున భారతకథతో కాళిదాసు కల్పనమును జతపరచెను. శచీతీర్థమున జారిన ఉంగరము మన కథలోని చేరని లేఖ వంటిదే. అయితే ఆ ఉంగరము జాలరి చేత దొరకి తుదకు రాజును చేరినది, లేఖ చేరలేదు. కాళిదాసు దైవమును తెచ్చి నాయకుని నిర్దోషిని చేసి, వియోగమును పునస్సమాగమముగా మార్చెను. షేక్స్పియరు దైవమును తెచ్చియు ఎవ్వరిని నిర్దోషిని చేయలేదు. ఈ భేదమును గుర్తింపక రెండు కథలను విధిలీల లని యొకే మాటతో తేల్చుట విమర్శ కాజాలదు.

నాటకాంతమున రాజు చెప్పిన తీర్పు ఈ విషయమున తుదిసాక్ష్యము. బ్రూక్ కావ్యమున శిక్షలు స్పష్టముగా పంచబడినవి: విషమమ్మినవానికి ఉరి, దాదికి బహిష్కారము. పగను పెంచినవారికి మాత్రము శిక్ష లేదు. షేక్స్పియరు ఈ పంపకమును ప్రక్కకు నెట్టి, రాజుచేత మొదట ఇరువురు తండ్రులను నిలదీయించెను. పిదప వారి కలహములను చూచి చూడనట్లున్నందుకు తానును ఇద్దరు బంధువులను కోల్పోయితినని ఒప్పించెను. పాలకుడే తన యుపేక్షను దోషముగా అంగీకరించినపుడు నక్షత్రములకు చెప్పవలసిన సమాధాన మేమున్నది? తండ్రులు కలిసి బంగారు ప్రతిమలు నిలిపెద మనిరి. బ్రదికియున్నప్పుడు ఒక్క మాట ఈయనివారు మరణించిన పిమ్మట బంగారము నిచ్చిరి.

ఈ విచారణ గ్రంథములకే పరిమితము కాదు. 2018లో శక్తివాహిని వ్యాజ్యమున భారత సర్వోన్నతన్యాయస్థానము, యుక్తవయస్కులైన ఇరువురు పరస్పరసమ్మతితో వివాహమాడునపుడు కుటుంబము సమ్మతి గాని, కులపు సమ్మతి గాని అవసరము లేదని చెప్పి, వారిని రక్షించుటకు ప్రభుత్వములు చేయవలసిన పనులను నిర్దేశించినది. అట్టి తీర్పు ఆవశ్యకమగుటయే, శాసనము ఒసగిన స్వాతంత్ర్యమును గృహము మరల హరించుచున్నదనుటకు నిదర్శనము. ఇట్టి మరణములను తలవ్రాత లనుట మృతులపై జాలివలె కనబడును. నిజమునకు అది చంపినవారికి చూపు దయ.

కావున మొదట చెప్పిన ఉపమానమునకే మరల వత్తము. మహామారి, చదువురాని సేవకుడు, క్షణమాత్రపు ఆలస్యము – ఇవి బీజములు. ఇట్టివి లోకమున ప్రతిదినమును రాలుచునే యుండును. వానిని ఆపుట ఎవరి వశమును గాదు. అవి మొలకెత్తునది, పగచేతను, మౌనముచేతను, బలవంతముచేతను దున్ని యుంచిన పొలమునందే. వెరోనా నగరమున ఆ పొలము తరతరములుగా సిద్ధముగా నుండినది. దున్నినవారి పేర్లు నాటకమున స్పష్టముగానే యున్నవి.